దొరసాని సైకిలు సీటు

మా నాన్న ఆ సైకిలు తెచ్చిన రోజు అమ్మ దాని దగ్గరికే రాలేదు. గుమ్మంలో నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవులు కూకున్నారో దాని మీన" అంది.

ఎవరు కూర్చున్నారో మాకు తెలుసు. ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు భార్య. వాళ్ళు కుటుంబమంతా ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాన్లు వదిలించుకుంటుంటే, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న మా నాన్న ఆ లేడీస్ సైకిలుని నాకోసం నడిపించుకుంటూ తెచ్చాడు. అరవైల చివరి సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ప్రేమ్ బజార్ అవతల చిన్నపిల్లల బడిలో కొత్తగా టీచరుగా చేరాను. ఇల్లేమో ఝపటాపూర్లో. పొద్దున్నే నడిచి వెళ్ళి, మళ్ళీ ఎండలో నడిచి వచ్చేసరికి చీర అంచు ఎర్ర మొరం దుమ్ముతో అట్టకట్టి ఉండేది. సైకిలు నాకు కావలసిందే.

సైకిలంతా బాగానే ఉంది. చెడ్డదల్లా సీటు. స్ప్రింగుల మీద బిగించిన దళసరి తోలు సీటు అది. ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉండి కట్టెలా బిగుసుకుపోయింది. పైన మధ్యలో రెండు గుంటలు. ఆ దొరసాని కూర్చుని కూర్చుని పడ్డ గుంటలు. ఆవిడ పెద్ద ఒళ్ళు మనిషి, నేను పుల్లలా ఉండేదాన్ని. నేనెక్కితే ఆ గుంటలు నాకెక్కడా సరిపోయేవి కావు. వాటి మధ్య లేచి ఉన్న గట్టు మాత్రం సరిగ్గా తగలకూడని చోట తగిలేది. ఎక్కిన ప్రతిసారీ ఎవరో విప్పి పడేసిన బట్టలు, ఇంకా వెచ్చగా ఉండగా, నేను తొడుక్కుంటున్నట్టు ఉండేది.

వారం తిరిగేసరికి తొడల మొదట్లో చర్మం లేచిపోయింది. ఆ చోటు పేరు మా ఇంట్లో ఎవరూ నోటితో పలకరు. తలుపు గడియ వేసుకుని కొబ్బరినూనె రాసుకునేదాన్ని. రసి కారి లంగాకి అంటుకుని, సాయంత్రం విప్పేటప్పుడు చర్మంతో సహా ఊడొచ్చేది. ఆ మరకలున్న లంగాని అమ్మ చూడకుండా నేనే ఉతుక్కుని, ఇంకో చీర కింద దాచి ఆరేసేదాన్ని. నా ఒళ్ళంటే నాకే రోత పుట్టింది ఆ రోజుల్లో. కానీ సైకిలు మానేస్తే "సెప్పినాను కదా" అని అమ్మ అంటుంది. అందుకని మానలేదు.

నా నడక చూసి కనిపెట్టినవాడు పక్కింటాయన. ఆయనా వర్క్‌షాపులోనే పని చేసేవాడు. మావాళ్ళలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. వరసేమీ లేకపోయినా మావయ్యా అని పిలిచేదాన్ని. ఒక ఆదివారం గోడ మీంచి తొంగి చూసి, "ఏటమ్మా, సీటు ఒత్తతన్నాదేటి?" అన్నాడు. నేను తలొంచుకున్నాను. నాన్న మాత్రం అవునన్నాడు.

"దానికి మందు నాకాడున్నాది. రేపట్టుకొస్తాను" అన్నాడు మావయ్య.

మర్నాడు ఒక డబ్బా తెచ్చాడు. వర్క్‌షాపులో మిషన్లను తిప్పే తోలు బెల్టులకి పట్టించే జిడ్డుట. మూత తీసేసరికి పెరడంతా కంపు నిండిపోయింది. కుళ్ళిన చేప, మాడిన కొవ్వు కలిసిన కంపు. పసుపుపచ్చగా, గడ్డకట్టి, మధ్యలో ఏవో నల్ల వెంట్రుకల్లాంటివి. "చేప నూనే, కొవ్వూ" అన్నాడు నవ్వుతూ. ఏ జంతువు కొవ్వని అమ్మ అడగబోతే నాన్న కళ్ళతోనే ఆపేశాడు.

మావయ్య పీట వేసుకుని కూర్చుని రెండు చేతులతో ఆ జిడ్డు తీసి సీటు పైనా కిందా పట్టించాడు. పిసికాడు. బొటనవేళ్ళు ఆ గుంటల్లో పెట్టి రుద్దుతూ నా వైపు చూశాడు. రుద్దుడు ఆపలేదు, చూపు తిప్పలేదు.

"ఎక్కడ ఒత్తతన్నాదో సెప్తే కదమ్మా, అక్కడ బాగా రాస్తాను."

నాన్న అక్కడే ఉన్నాడు. బీడీ ముట్టించుకుంటున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. నేను లోపలికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. ఏమీ ముట్టుకోకుండానే ఎందుకు కడుక్కున్నానో నాకు తెలియదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వర్క్‌షాపు సైరను మోగిన కాసేపటికి డబ్బా పట్టుకుని తయారయ్యేవాడు. "తోలు నాలుగైదు దినాలు తాగాల" అనేవాడు. జిడ్డు తాగిన తోలు మెత్తబడలేదు సరికదా, పైన మైనంలా పేరుకుంది. నా చీరల వెనక జిడ్డు మరకలు పడ్డాయి. ఎంత ఉతికినా ఆ కంపు పోలేదు. తరగతిలో బల్లల మధ్య నడుస్తుంటే పిల్లలు ముక్కులు మూసుకునేవారు. ఒకత్తె లేచి నిలబడి, "టీచర్, మీరు సుట్కీ మాఛ్ తిన్నారా?" అని అడిగింది. బెంగాలీలో ఎండుచేప అని. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు నటించి, బల్ల వెనక నుంచి కదలకుండా ఆ రోజు పాఠం చెప్పాను.

ఐదో రోజు మావయ్య సీటు మీద అరచేయి వేసి, అదిమి, గొంతు తగ్గించి, "నువ్వు సిగ్గు పడకు. మావయ్యని కదా. కుడేపా, ఎడమేపా?" అన్నాడు.

నాన్నకి ముందు రోజే చెప్పాను. "నాన్నా, ఆయన మాటలు నాకు బాగాలేవు" అన్నాను. నాన్న నేల చూస్తూ, "పెద్దోడు. సాయం సేస్తన్నాడు. నువ్వే ఏటేటో అనుకుంటన్నావు" అన్నాడు. మా నాన్న మెతక మనిషి, ఎవరినీ ఒక మాట అనలేడని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెతకదనం ఎంత అసహ్యంగా ఉండగలదో నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

అందుకని ఐదో రోజు నేనే గోడ దగ్గరికి వెళ్ళాను. మావయ్య భార్య అవతల బట్టలు తీస్తోంది. వీధంతా వినపడేటట్టు పిలిచాను.

"అత్తా! నాకు కుడేపు నొప్పో ఎడమేపు నొప్పో మావయ్య అడుగుతున్నాడు. ఆయనకి సెప్పడానికి నాకు నోరు రాటం లేదు. నువ్వు రా, నీకు సూపిస్తాను, నువ్వు ఆయనకి సెప్పు!"

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన దగ్గు ఆపేశాడు. మావయ్య డబ్బాకి మూత పెట్టడం కూడా మరిచిపోయి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అత్త ఆ రోజు నుంచీ మాతో మాట్లాడటం మానేసింది. ఆయనతో కాదు, మాతో. చేదబావి దగ్గర నేను కనబడితే బిందె తీసుకుని పక్కకి జరిగేది. "నోరుగల గుంట" అని పేరు పెట్టింది నాకు.

కొవ్వు రాసిన సీటు పెరట్లో ఉంటే కుక్కలు ఊరుకుంటాయా? ఒక తెల్లవారి లేచి చూసేసరికి సీటు ఎడమ అంచు నమిలి ఉంది. తోలు చొంగతో నాని, పళ్ళ గాట్లతో వేలాడుతోంది. జిడ్డు మీద ఈగలు వాలి ఉన్నాయి. గోడవార కూర్చుని వాంతి చేసుకున్నాను.

"పారెయ్యే ఆ పీనుగుని" అంది అమ్మ.

పారెయ్యలేదు. సైకిలు నడిపించుకుంటూ బడికి బయలుదేరాను. ప్రేమ్ బజారులో పెద్ద కాలేజీ గేటు దగ్గర గోడ కింద ఒక ముసలాయన చెప్పులు కుడుతూ కూర్చునేవాడు. స్టూడెంట్ల బూట్లు, సంచులు, ఫుట్‌బాళ్ళు అన్నీ కుట్టేవాడు. అతనితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు ఆగి, హిందీలో, సీటు బాగవుతుందా అని అడిగాను.

అతను వంగి చూశాడు. వేలితో ఆ జిడ్డు గీకి వాసన చూశాడు. మొహం చిట్లించి, తనలో తను తెలుగులో అనుకున్నాడు. "ఎవుడో తోలుని సేపని సేసీసినాడు."

"తాతా, మీరు తెలుగోళ్ళా?" అన్నాను.

అతను తలెత్తి నవ్వాడు. పాలకొండ అవతల ఏదో పల్లె. చిన్నప్పుడే వచ్చేశాడట. మాట మాత్రం అచ్చం మా అమ్మ మాటే.

"తోలు కిందేపు తాగుతాదమ్మా, పైనేపు తాగదు. పైన రాస్తే నీ కోకకే. కిందనించి రవ్వంత ఆముదం పట్టించాల, అంతే. ఇంత కొవ్వు పెడితే తోలు సచ్చిపోతాది. సాగిపోతాది."

"బాగవుతుందా?"

"సూద్దాం. ముందు నువ్వు ఎక్కి కూకో. గోడట్టుకో."

మళ్ళీ ఇదేనా అనుకున్నాను. అతను నా మొహం చూశాడో ఏమో, కూర్చున్న చోటనే పక్కకి తిరిగి, చూపు పెడలు మీద పెట్టాడు. "నాకు నీ కాలు ఎంత వరకు అందుతాదో సాలు, టీచరమ్మా. మడం సూపించు" అన్నాడు. ఎక్కాను. మడమ చూసి, "దిగు" అన్నాడు. "సీటు ఎత్తు ఎక్కువ. కాలందక నువ్వు అటూ ఇటూ జారతన్నావు. అందుకే ఒరుసుకుంటాది. సీటు ముక్కు కూడా పైకి లేసున్నాది. కిందకి దించాల." ఎక్కడ నొప్పని అడగలేదు. ఒక్కసారి కూడా.

సీటు విప్పి అతని దగ్గరే వదిలేశాను. సైకిలు ఇంట్లో పెట్టి నాలుగు రోజులు నడిచే బడికి వెళ్ళొచ్చాను, దారిలో ఆగి అతని పని చూస్తూ. మొద్దు కత్తితో జిడ్డంతా గీకాడు. కోతమిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చి, సీటుని అందులో పాతిపెట్టి గోనెలో చుట్టాడు. పొట్టు జిడ్డు పీల్చి నల్లబడితే పారబోసి కొత్తది వేశాడు. కుక్క నమిలిన అంచుని చంద్రవంకలా కోసి, కొత్త తోలు ముక్క వేసి కుట్టాడు. సాగిపోయిన తోలు పక్కలకి విచ్చుకోకుండా రెండు రెక్కలకీ వరసగా కన్నాలు పొడిచి, కింద నుంచి తోలు తాడుతో లాగి కట్టాడు. పైన ఆ గుంటల మీద నున్నటి రాయితో గంటలకొద్దీ రుద్దాడు. మధ్య గట్టు అణిగింది. దొరసాని అచ్చు ఇంచుమించు పోయింది.

ఐదో రోజు ఆదివారం, బడి లేదు. "ఇంటికట్టుకొచ్చి బిగిస్తాన్లే, నాకూ అటేపు పనున్నాది" అన్నాడు. ఇంటి గుర్తులు చెప్పాను.

అతను వచ్చేసరికి అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. అతని మాట వినగానే అమ్మ మొహం విచ్చుకుంది. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళకి కొదవ లేదు కానీ, పాలకొండ వైపు యాస వింటే అమ్మకి పుట్టిల్లు దిగొచ్చినట్టే. "ఓలమ్మా, మీది పాలకొండ కాడా? మా అమ్మోళ్ళది ఆ పక్కే!" అంది. అతను మెట్టు కిందే కూర్చుని సీటు బిగిస్తున్నాడు. అమ్మ లోపలికి వెళ్ళి గ్లాసుతో టీ పట్టుకొచ్చింది. ఇస్తూ ఇస్తూ అడిగింది.

"ఎవులోళ్ళు బాబూ మీరు? వర్క్‌షాపులోనా?"

"నేదమ్మా. సెప్పులు కుట్టుకునీవోణ్ణి."

గ్లాసు అమ్మ చేతిలో, అతని చేతికి జానెడు దూరంలో ఉండిపోయింది. అమ్మ ఇవ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు. ఆవిరి వస్తోంది. అతను చెయ్యి చాచలేదు. స్పానరు తిప్పుతూ, తలెత్తకుండా, "టీ నాకు పడదమ్మా. తాగను" అన్నాడు. గేటు దగ్గర ప్రతి పూటా మట్టి ముంతలో టీ తాగుతాడని నాకు తెలుసు.

నట్టు బిగించాడు. లేచాడు. "ఎక్కి సూడు టీచరమ్మా" అని, తను గోడ వైపు తిరిగాడు. ఎక్కాను. ఎక్కడా ఏదీ తగల్లేదు. మొదటిసారిగా, ఎవరి సీటు మీదో కూర్చున్నట్టు కాకుండా, మామూలుగా కూర్చున్నట్టు ఉంది. ఆ మాటే చెప్పాను. అతను సంతోషంగా తలూపి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరగ్గానే అమ్మ టీ కాలవలో పారబోసింది. గ్లాసు బూడిదతో తోమింది. అతను కూర్చున్న చోట నీళ్ళు చల్లింది. తర్వాత బకెట్లో పసుపు కలుపుకొచ్చి సీటు మీద గుమ్మరించింది. ఒక చెంబు కాదు, బకెట్టుడు. ఆపైన చీపురుతో రుద్దింది.

"అమ్మా, తడిస్తే పాడైపోతాది!"

"పాడైపోతే పోనీ. అలాగే ఎక్కుతావేటి, ఆడు ముట్టినది?"

"అది తోలే కదమ్మా. ఎప్పుడైనా తోలే."

"నోరు ముయ్యే" అంది అమ్మ.

నోరు మూశాను. అదే నేను చేసింది. వీధంతా వినపడేటట్టు మావయ్య సంగతి అరిచి చెప్పిన నోరు అమ్మ ముందు లేవలేదు. బకెట్టు లాక్కోవచ్చు. లాక్కోలేదు. పచ్చటి నీళ్ళు కుట్టు కన్నాల్లోంచి బొట్లు బొట్లుగా కారుతుంటే చూస్తూ నిలబడ్డాను. కుక్క నమిలిన రోజు వచ్చిన వాంతి ఈ రోజు రాలేదు. రావలసింది ఈ రోజు.

అమ్మ ఆ సీటుని ఎర్రటి ఎండలో పెట్టి ఆరబెట్టింది. సాయంత్రానికి అప్పడంలా అంచులు పైకి లేచి వంకరపోయింది.

సోమవారం గోడ కిందికి తీసుకెళ్ళాను. "వానకి తడిసింది తాతా" అన్నాను.

ఫిబ్రవరి నెలాఖరు. చినుకు పడి నెలలైంది. అతను సీటుని విప్పి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కన్నాల్లో ఇరుక్కున్న పసుపుని బొటనవేలితో రుద్దాడు. వేలు పచ్చబడింది.

"నాను దినమంతా ఈ గోడ కిందే కూకుంటానమ్మా. నా మీన పడనేదు" అన్నాడు. వేలు గుడ్డకి తుడుచుకుని, "మీ ఇంటి మీన పడుంటాది" అన్నాడు.

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మా అమ్మ పసుపు నీళ్ళు పోసింది" అన్నాను అప్పుడు, ఎలాగో.

"తెల్సమ్మా."

తడిగుడ్డ చుట్టి తోలుని కొంచెం మెత్తబరిచి, చేత్తో ఆకారం తెచ్చి, గుడ్డపీలికలతో బిగించి కట్టి నీడలో పెట్టాడు. రెండు రోజులాగి విప్పి, లోపలి వైపు రవ్వంత ఆముదం రాశాడు. ముక్కు కింది నట్టు ఒక చుట్టు తిప్పాడు. "ఈసారి నువ్వే వచ్చి తీసుకెళ్ళు. నాను రాను" అన్నాడు.

ఇంటికి వచ్చి అతనికి నిజం చెప్పేశానని అమ్మతో అన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆడికి సెప్పీసినావా? మన పాలకొండోళ్ళకి తెలిస్తే నా మొకం ఎక్కడెట్టుకోను?" అంది. చేసినందుకు కాదు, తెలిసినందుకు. నాన్న బీడీ తాగుతూ విన్నాడు.

ఆ తర్వాత ఆ సీటు నన్ను బాధ పెట్టలేదు. పుళ్ళు మానాయి. ఏళ్ళ తరబడి అదే సీటు మీద బడికి వెళ్ళాను, వర్షాకాలంలో పైన రబ్బరు గుడ్డ కట్టి. ఏడాదికోసారి అతనే కింద ఆముదం రాసేవాడు. నేను దారిలో ఆగి పలకరించేదాన్ని. మొదట్లో, నేను అమ్మలాంటిదాన్ని కాదని లోపల్లోపల నాకు చాలా నమ్మకంగా ఉండేది.

ఆ ఏడు వేసవిలోనే, ఏప్రిల్‌లో, ఒంటిపూట బళ్ళు. మధ్యాహ్నం హ్యాండిలుకి నీళ్ళ సీసా తగిలించుకుని వస్తుంటే గోడ నీడ కూడా కరిగిపోయింది. అతను పెదాలు తడుపుకుంటూ, "టీచరమ్మా, ఆ సీసాలో నీళ్ళున్నాయేటి?" అన్నాడు. ఉన్నాయి. మూత తీశాను. అతను దోసిలి పట్టాడు. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. సీసా అతని దోసిలికి తగలకుండా, బాగా ఎత్తు నుంచి, సన్నటి ధారగా పోశాను. అతను తలవంచి తాగాడు, మూతి తుడుచుకున్నాడు, "సల్లగుండు" అన్నాడు.

సైకిలెక్కి కొంత దూరం వెళ్ళాక గాని నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలియలేదు. తెలిశాక సైకిలు దిగిపోయాను. ఎండలో, రోడ్డు పక్కన, చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి వెళ్ళి ఏమని చెప్పను? సీసా చేతికిచ్చి మళ్ళీ తాగమనాలా?

వెళ్ళలేదు. సీసాలో మిగిలిన నీళ్ళు అక్కడే నిలబడి, మూతి పెట్టి తాగాను. వెచ్చబడిపోయిన నీళ్ళు. అతను ముట్టని సీసా అది. అయినా, తాగుతున్నంతసేపూ నేనేదో రుజువు చేసుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. మామూలుగా దాహానికి తాగినట్టు తాగలేకపోయాను.